విదేశాల్లో మన వైద్యుల సంఘాలు: ఉత్తరాంధ్ర నుంచి చూస్తే

ప్రవాస వైద్యుల సంఘం అనగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే: సంక్రాంతి సెలవులకు సొంత ఊరు వచ్చిన డాక్టరు గారు హైస్కూలు ఆవరణలో షామియానా వేయించి పెట్టే ఉచిత వైద్య శిబిరం. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో వస్తుంది. అయితే భారత సంతతి వైద్యుల సంఘాలు పుట్టింది శిబిరాల కోసం కాదు. చదువూ అనుభవమూ ఉండి కూడా పరాయి దేశంలో పరీక్ష దగ్గర, వీసా దగ్గర, పదోన్నతి దగ్గర, ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారణ దగ్గర ఒంటరిగా నిలబడాల్సి వచ్చిన వైద్యులు ఒకరికొకరు తోడుండడానికి వాటిని పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిస్తేనే ఈ సంఘాల నుంచి ఏం ఆశించవచ్చో, ఇక్కడి జిల్లాలకు అవి నిజంగా ఎలా పనికొస్తాయో తేలుతుంది.

అలాంటి తోడు లేని రోజులు ఎలా ఉండేవో చెప్పడానికి తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చాలు. భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన ఆయన 1920ల ఆరంభంలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుంటూనే పొట్టపోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. పెద్ద సంఖ్యలో వలస మొదలైంది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. 1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, ఏర్పడింది. అక్కడ వైద్యుల కొరత పెరుగుతున్న కొద్దీ భారతీయ వైద్యులకు చోటు దొరికింది. మన వైద్య కళాశాలల పట్టాలను అక్కడ వైద్యుల నమోదు చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్ చాలాకాలం నేరుగా గుర్తించేది. 1975లో ఆ గుర్తింపు పోయింది, వచ్చినవారు పరీక్ష రాయాల్సిన పరిస్థితి ఏర్పడింది. ఇప్పుడు ప్లాబ్ అని పిలుస్తున్న పరీక్షకు మూలం అదే. విదేశీ వైద్యులు బ్రిటన్‌లో ఓవర్సీస్ డాక్టర్స్ అసోసియేషన్‌ను నెలకొల్పుకున్నదీ అదే సంవత్సరం.

అమెరికాలో 1965 నాటి వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను ఎత్తివేయడంతో భారతీయ వైద్యుల రాక ఊపందుకుంది. 1976లో వచ్చిన మరో చట్టం విదేశీ వైద్యుల వీసాలను బిగించింది. అప్పటికే వేల సంఖ్యలో ఉన్న మన వైద్యులు 1982లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియన్ ఆరిజిన్, పొట్టిగా 'ఆపి' (AAPI), ఏర్పాటు చేసుకున్నారు. బ్రిటన్‌లో 1996లో అక్కడి భారత సంతతి వైద్యుల సంఘం బాపియో, ఆ తర్వాత 2011లో ప్రపంచవ్యాప్త వేదికగా గాపియో వచ్చాయి. నేడు అమెరికాలోని వైద్యుల్లో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు వేరే దేశంలో వైద్యం చదివి వచ్చినవారే. బ్రిటన్‌లో నమోదైన వైద్యుల్లో 40 శాతానికి పైగా అలాంటివారే. రెండు దేశాల్లోనూ వారిలో పెద్ద వాటా భారతదేశానిది.

కొత్తగా వెళ్లేవారి ముందున్న మెట్లు

సంఘం విలువ తెలిసేది అప్పటికే స్థిరపడిన వైద్యుడి దగ్గర కాదు, ఇంకా ఉద్యోగం రాని వైద్యుడి దగ్గర. నెల్లిమర్లలోనో రాగోలులోనో ఎంబీబీఎస్ పూర్తిచేసిన విద్యార్థి అమెరికాలో పనిచేయాలంటే ముందు విదేశీ వైద్య పట్టభద్రుల అర్హతలు సరిచూసే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ ధ్రువీకరణ సంపాదించాలి. అందుకు అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి, రెండో దశ పరీక్షలు పాస్ కావాలి, ఇంగ్లీషు పరీక్ష రాయాలి, కళాశాల నుంచి పత్రాలు నేరుగా నిర్ధారణ కావాలి. సెప్టెంబరులో రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో ఇచ్చే స్పెషాలిటీ శిక్షణకు, దరఖాస్తు చేస్తే చలికాలమంతా ఇంటర్వ్యూలు సాగి, మార్చి మూడో వారంలో ఎవరికి ఎక్కడ సీటో చెప్పే 'మ్యాచ్' ఫలితం వస్తుంది. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో ఇటీవలి సంవత్సరాల్లో 58 నుంచి 60 శాతం మందికే సీటు దక్కుతోంది. మిగిలినవారు మరో ఏడాది ఆగాలి. ఆగిన ప్రతి ఏడూ చదువు ముగించిన సంవత్సరం పాతబడి, దరఖాస్తు బలహీనపడుతుంది.

పత్రాల దగ్గరే మన ప్రాంతం వాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. ఎంబీబీఎస్ పట్టాకు వచ్చేసరికి అదే ఇంటిపేరు ఒక పొడి అక్షరమవుతుంది. పాస్‌పోర్టులో చివరికి చేరుతుంది. 'నాయుడు', 'రావు' వంటివి ఒక కాగితంలో పేరుకు అతుక్కుని, మరో కాగితంలో విడిగా ఉంటాయి. ఈ మూడూ ఒకే మనిషివని తెలుగువాళ్లకు చూడగానే తెలుస్తుంది. ఫిలడెల్ఫియాలోని ఈసీఎఫ్‌ఎంజీ కార్యాలయంలో కూర్చుని పత్రాలు సరిచూసే ఉద్యోగికి తెలియదు. పేరు తేడా అఫిడవిట్‌తో తేలుతుందా, విశ్వవిద్యాలయం నుంచి సవరించిన పట్టా తేవాలా, పాస్‌పోర్టు మార్చుకోవాలా అన్నది పరీక్ష ఫీజు కట్టక ముందే తేల్చుకోవాలి. ఈ సంగతి ముందే చెప్పే సీనియర్ ఒకరుంటే నెలలు కలిసొస్తాయి. సంఘాలు నడిపే మార్గదర్శక కార్యక్రమాల్లో చాలా భాగం ఇలాంటి చిన్న విషయాలే. వీటికి ఏ వార్షిక నివేదికలోనూ పెద్ద చోటు దక్కదు, కానీ దూరాన ఉన్న కుటుంబానికి అంతకంటే పెద్ద సాయం ఉండదు.

2022 జనవరి నుంచి యూఎస్‌ఎంఎల్‌ఈ మొదటి దశ ఫలితాన్ని మార్కులు లేకుండా పాస్, ఫెయిల్ అని మాత్రమే ఇస్తున్నారు. మంచి మార్కులతో తన సత్తా చూపించుకోగలిగిన చిన్న ఊరి విద్యార్థికి ఈ మార్పుతో ఒక ఆధారం పోయింది. ఇప్పుడు రెండో దశ మార్కులతో పాటు, అమెరికా ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉండి పని గమనించిన అనుభవానికీ, అక్కడి వైద్యుడు రాసే సిఫారసు లేఖకూ బరువు పెరిగింది. తెలిసినవాళ్లు లేనివారు ఆ అవకాశం కోసం డబ్బు తీసుకునే దళారులను ఆశ్రయిస్తున్నారు. ఇక్కడే సంఘం సభ్యుల చేతిలో నిజమైన బలం ఉంది: తమ క్లినిక్‌లో, తమ విభాగంలో, ఏ రుసుమూ లేకుండా ఒక కొత్తవారికి నాలుగు వారాలు చోటిస్తే చాలు. ఆ చోటు బంధువుల పిల్లలకు, తమ కళాశాల వారికి మాత్రమే పోకుండా, ఎవరూ తెలియని సాలూరు అబ్బాయికీ, పాతపట్నం అమ్మాయికీ అందేలా దరఖాస్తు పద్ధతి పెట్టడం సంఘం చేయాల్సిన పని.

సీటు వచ్చాక వీసా సంగతి మొదలవుతుంది. శిక్షణ కోసం ఇచ్చే జే-1 వీసాపై వెళ్లే వైద్యుడికి భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి అవసర ధ్రువపత్రం కావాలి. శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతూ ఉంటుంది. ఈ షరతుకు ప్రధానమైన మినహాయింపు మార్గం 1994లో మొదలైన కాన్రాడ్ పథకం. వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తానని ఒప్పుకున్నవారికి ఒక్కో రాష్ట్రం ఏటా 30 మంది వరకు మినహాయింపు సిఫారసు చేయవచ్చు. ఇది శాశ్వతమైన ఏర్పాటు కాదు. అమెరికా కాంగ్రెస్ ఎప్పటికప్పుడు గడువు పొడిగిస్తూ ఉండాలి. ఆ తర్వాత గ్రీన్‌కార్డు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏటా ఇచ్చే వాటా 7 శాతం దాటకూడదన్న నిబంధన వల్ల భారతీయులు ఏళ్ల తరబడి వరుసలో ఉంటారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే వైద్యులకు మినహాయింపు ఇవ్వాలని అక్కడి వైద్య సంఘాలు కోరాయి. పల్లె ఆసుపత్రి ఒక రెసిడెంట్ కోసం అంత సొమ్ము పెట్టలేదు. ఒక్కో వైద్యుడు తనంతట తాను కాంగ్రెస్ సభ్యుడి దగ్గరికి వెళ్లి చెప్పుకోగల విషయాలు కావివి. అందుకే 'ఆపి' వంటి సంఘాలు ఏటా వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యులను కలిసి ఇవే డిమాండ్లను విసుగులేకుండా వినిపిస్తుంటాయి.

కోర్టు మెట్లెక్కిన సంఘం

సంఘం చేయగల పని ఏమిటో బాపియో పోరాటం అన్నిటికంటే స్పష్టంగా చూపిస్తుంది. 2006 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం, ఐరోపా వెలుపలి నుంచి వచ్చే వైద్యులకు వర్క్ పర్మిట్ లేకుండానే శిక్షణ పోస్టులు ఇచ్చే ఏర్పాటును రద్దు చేసింది. అంతటితో ఆగకుండా, ఉన్నత నైపుణ్య వలసదారుల పథకం కింద చట్టబద్ధంగా వచ్చి, ఉద్యోగం చేసే హక్కు ఉన్న వైద్యులను కూడా, స్థానికులు దొరకనప్పుడే తీసుకోవాలని ఆరోగ్య శాఖ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రులకు మార్గదర్శకం పంపింది. అప్పులు చేసి, పరీక్షలు పాసై, వీసా చేతపట్టుకుని వెళ్లినవారు రాత్రికి రాత్రే వరుసలో చివరికి వెళ్లిపోయారు.

బాపియో ఈ విషయాన్ని కోర్టుకు తీసుకెళ్లింది. 2007 ఆరంభంలో హైకోర్టులో ఓడిపోయింది. అదే ఏడాది నవంబరులో అప్పీలు కోర్టు ఆ మార్గదర్శకం చెల్లదని తేల్చింది. ప్రభుత్వం అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు వెళ్లింది. 2008 ఏప్రిల్ 30న అక్కడ కూడా మెజారిటీ న్యాయమూర్తులు వైద్యుల పక్షాన తీర్పు ఇచ్చారు. వలస నియమాలు ఇచ్చిన హక్కును పార్లమెంటు ముందుకు వెళ్లకుండా ఒక శాఖ పంపిన కాగితంతో తగ్గించడం చట్టవిరుద్ధమన్నది ఆ తీర్పు వెనక ఉన్న వాదనల్లో కీలకమైనది. మొదటి కోర్టులో ఓడినప్పుడే వదిలేసి ఉంటే ఈ తీర్పు లేదు. సభ్యుల విరాళాలతో నడిచే సంఘం రెండేళ్లు ఒకే విషయాన్ని పట్టుకుని, లాయర్ల ఖర్చు భరించి, చివరి మెట్టు దాకా వెళ్లింది. గెలిచినందుకు కంటే, అంతకాలం విడవకుండా నిలిచినందుకే ఈ ఉదంతాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఓడిపోయిన కేసు కూడా కొన్నిసార్లు పని చేస్తుంది. బ్రిటన్‌లో కుటుంబ వైద్యుడు కావాలంటే రాయాల్సిన ఎంఆర్‌సీజీపీ పరీక్షలో, నటులు రోగులుగా వచ్చే క్లినికల్ భాగంలో విదేశీ పట్టభద్రులు అసాధారణ సంఖ్యలో ఫెయిలవుతున్నారని గుర్తించారు. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, తొలి ప్రయత్నంలో శ్వేతజాతి బ్రిటన్ పట్టభద్రులతో పోలిస్తే శ్వేతజాతీయేతర విదేశీ పట్టభద్రులు ఫెయిలయ్యే అవకాశం సుమారు 14 రెట్లు. బ్రిటన్‌లోనే చదివిన శ్వేతజాతీయేతరులకు కూడా అది దాదాపు నాలుగు రెట్లు ఉంది. ఇంగ్లీషు రాకపోవడమే కారణమన్న సులువైన వివరణ ఈ రెండో అంకె ముందు నిలబడదు. బాపియో వేసిన పిటిషన్‌ను 2014 ఏప్రిల్‌లో న్యాయమూర్తి మిట్టింగ్ కొట్టివేశారు, పరీక్ష చట్టబద్ధమేనన్నారు. కానీ సంఘానికి నైతిక విజయం దక్కిందని అంటూ, ఆ పరీక్ష నిర్వహించే రాయల్ కాలేజీ ఇకముందు ఏ చర్యా తీసుకోకపోతే సమానత్వ బాధ్యతను ఉల్లంఘించినట్టు తేలవచ్చని హెచ్చరించారు. ఆ తర్వాత పరీక్షా సంస్థలు పాస్, ఫెయిల్ తేడాల గురించి మాట్లాడకుండా ఉండే వీలు లేకుండా పోయింది.

ఇక ఫిర్యాదుల సంగతి. బ్రిటన్‌లో శ్వేతజాతి వైద్యులతో పోలిస్తే మైనారిటీ జాతుల వైద్యులపై యాజమాన్యాలు జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు పంపే ఫిర్యాదులు 2019 నాటికి రెట్టింపుగా ఉండేవి. 2019లో కౌన్సిల్ కోసమే జరిగిన అధ్యయనం దీని కారణాలను వివరంగా చూపింది: కొత్తగా వచ్చినవారికి సరైన పరిచయ శిక్షణ ఉండదు, తప్పు జరుగుతున్నప్పుడు పై అధికారి ముఖం మీద చెప్పడు, చివరికి నేరుగా ఫిర్యాదే వెళ్తుంది. ఈ అసమానతను 2026 నాటికి లేకుండా చేస్తామని కౌన్సిల్ 2021లో లక్ష్యం పెట్టుకుంది. విచారణ ఉత్తరం చేతికందిన రాత్రి వైద్యుడు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేడు. శ్రీకాకుళంలో ఉన్న తల్లిదండ్రులకు ఫోనులో అంతా బాగానే ఉందంటాడు. ఆ సమయంలో ఏ జవాబు రాయాలో, ఏది తొందరపడి రాయకూడదో చెప్పే అనుభవజ్ఞుడు, పక్కన కూర్చునే లాయరు దొరకడం ఉద్యోగాన్నీ, కొన్నిసార్లు ప్రాణాన్నీ నిలబెడుతుంది. ఈ పని గోప్యంగానే జరగాలి కాబట్టి బయటికి కనిపించదు.

ఈ సంఘాల లోపాలనూ దాచనక్కర్లేదు. దేశం పేరుతో ఒకటి, భాష పేరుతో ఒకటి, కళాశాల పేరుతో ఒకటి ఏర్పడ్డాక ఒకే వైద్యుడు మూడుచోట్ల చందా కడతాడు, మూడింటికీ బలం చాలదు. వార్షిక సమావేశంలో విందుకూ వినోదానికీ దొరికే శ్రద్ధ, పోస్టు రాక ఖాళీగా ఉన్న కుర్రవాడికి దొరకదు. ప్లాబ్ రెండు భాగాలూ పాసై కూడా ఉద్యోగం లేని విదేశీ వైద్యులు బ్రిటన్‌లో ఇప్పుడు పెద్ద సంఖ్యలో ఉన్నారు. శిక్షణ పోస్టుల్లో స్వదేశీ పట్టభద్రులకే ప్రాధాన్యం ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఇలాంటప్పుడు వెళ్లాలనుకునేవారికి 'ఇప్పుడు రావద్దు' అని గట్టిగా చెప్పడం కూడా సంఘం ధర్మమే. విజయనగరంలో పొలం అమ్మి పంపే తండ్రికి ఆ మాట ముందే చేరాలి.

సొంత జిల్లాకు ఏమి తిరిగొస్తుంది

ఉత్తరాంధ్ర నుంచి వైద్యుల వలస పాత సంగతే. 1923లో మొదలైన విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల తరతరాలుగా ఈ జిల్లాల పిల్లలను డాక్టర్లను చేసింది, వారిలో ఎందరో బ్రిటన్‌కూ అమెరికాకూ వెళ్లారు. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. బ్రిటన్ 2001లో తెచ్చి, 2004లో సవరించిన ఎన్‌హెచ్‌ఎస్ నియామక నియమావళి, భారతదేశం నుంచి వైద్య సిబ్బందిని తీసుకోవచ్చంటూనే నాలుగు రాష్ట్రాలను మినహాయించింది: ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. బ్రిటన్ అభివృద్ధి సాయం పొందుతున్న రాష్ట్రాల నుంచి సిబ్బందిని లాక్కోకూడదన్నది ఉద్దేశం. అయితే ఆ నిషేధం ఆసుపత్రులు తామై వచ్చి చేసే నియామకాలకే. సొంతంగా దరఖాస్తు చేసుకునేవారికి అడ్డు లేదు. అంటే వలసను ఆపడం ఏ నియమావళి వల్లా కాలేదు. సంఘాల వల్లా కాదు, అది వాటి పనీ కాదు. వెళ్లినవారి అనుభవంలో కొంతైనా ఇక్కడికి చేరేలా చూడడం మాత్రం వాటి చేతిలో ఉంది.

ఆ చేరేది ప్రస్తుతం ఎక్కువగా శిబిరం రూపంలోనే. శిబిరాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. శుక్లాలు, దంతాలు, చెవి, గుండె చప్పుడులో తేడా వంటివి ఒక్కరోజులో బయటపడతాయి. కానీ శ్రీకాకుళం జిల్లాకు ఉన్న పెద్ద వ్యాధి ఒక్కరోజులో దొరికేది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస తదితర ఉద్దానం మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే రైతులు, కూలీలు మధుమేహం, రక్తపోటు వంటి మామూలు కారణాలేవీ లేకుండానే కిడ్నీలు పాడై డయాలసిస్‌కు చేరుతున్నారు. ఎండ, నీరు, పురుగుమందులు ఇలా ఎన్నో అనుమానాలున్నా కచ్చితమైన కారణం తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది. ఇప్పుడు కావలసింది ఏళ్ల తరబడి ఒకే మనుషులను గమనించే పని.

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని నిర్ధారించాలంటే లోపం కనీసం మూడు నెలలు కొనసాగినట్టు తేలాలి. అంటే షామియానా కింద ఒకసారి క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష, చూస్తే అనుమానం మాత్రమే వస్తుంది. ఎండలో కొబ్బరికాయలు దింపి, నీళ్లు తక్కువ తాగి వచ్చిన మనిషి రక్తంలో ఆ అంకె తాత్కాలికంగా పెరిగి ఉండవచ్చు. మూడు నెలల తర్వాత అదే మనిషిని వెతికి మళ్లీ రక్తం తీయాలి, ఆ ఫలితం మొదటి దాని పక్కన రాయాలి. అప్పటికి డాక్టరు గారు అమెరికా వెళ్లిపోయి ఉంటారు. శిబిరానికి వచ్చినవారి చేతిలో చీటీ తప్ప, ఎవరి దగ్గరా రిజిస్టరు ఉండదు. హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా ఒకే కేసును పట్టుకుని వెళ్లిన ఓపిక ఈ పనికీ కావాలి.

మంచి మనసుతో పంపిన సాయం నిబంధనల దగ్గర ఆగిపోవడం కూడా తరచూ జరుగుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే సొమ్ము విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. పుచ్చుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన ఆ సొమ్మును మరో సంస్థకు మళ్లించకూడదు కాబట్టి, హైదరాబాద్‌లోని పెద్ద ట్రస్టు టెక్కలిలోని చిన్న సంస్థకు దాన్ని అందించలేదు. పరికరాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాడిన క్రిటికల్ కేర్ పరికరాల దిగుమతిని 2016 నాటి వ్యర్థాల నియమాలు నిషేధించాయి. కొత్తదే పంపినా, అమెరికా ఇళ్లలో వాడే 120 వోల్టుల కోసం చేసిన యంత్రం మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా పెడితే కాలిపోతుంది. దానికి విడిభాగాలు, మరమ్మతు చేసే మనిషి విశాఖలోనైనా దొరకాలి. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఇక్కడి రోగికి మందు రాయగలిగేది భారతదేశంలో నమోదైన వైద్యుడే. అందువల్ల దూరం నుంచి సాయపడాలనుకునే నిపుణుడు నేరుగా రోగితో కాకుండా, ఇక్కడి డాక్టరుతో కేసు చర్చించడమే సరైన దారి. అలా చేస్తే ఆ జూనియర్ డాక్టరూ నేర్చుకుంటాడు.

కళాశాల పూర్వ విద్యార్థుల సంఘాలకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది: ఇచ్చేవారికి పుచ్చుకునే సంస్థ లోతుపాతులు తెలుసు. గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల ఉత్తర అమెరికా సంఘం, అక్కడివారు జింకానా అని పిలుచుకునేది, తమ ప్రభుత్వ ఆసుపత్రిలో తల్లీబిడ్డల భవనానికి పూనుకోవడం దీనికి ఉదాహరణ. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో, విజయనగరానిది 2023లో మొదలయ్యాయి. శ్రీకాకుళం తొలి బ్యాచ్‌లవారు ఇప్పుడిప్పుడే కెరీర్‌లో నిలదొక్కుకుంటున్నారు. విజయనగరం విద్యార్థులు ఇంకా చదువులోనే ఉన్నారు. కాబట్టి ఈ జిల్లాలకు అలాంటి పూర్వ విద్యార్థుల బలం రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా జాతీయ సంఘాలూ, ఆంధ్ర వైద్య కళాశాల పూర్వ విద్యార్థులూ ఆ బాధ్యత మోయవలసి ఉంటుంది.

మొదలుపెట్టడానికి భవనం అక్కర్లేదు. ఉద్దానంలో ఒక్క మండలాన్ని తీసుకుని, శ్రీకాకుళం కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగం, పలాస కేంద్రం కలిసి నడిపే రిజిస్టరుకు ఒక డేటా ఉద్యోగి, ఇద్దరు ల్యాబ్ టెక్నీషియన్ల జీతాన్ని సంఘం భరించవచ్చు. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన కిడ్నీ వైద్య నిపుణులు (నెఫ్రాలజిస్టులు) నెలకొకసారి వీడియోలో ఇక్కడి పీజీ విద్యార్థులతో ఆ ఫలితాలపై కూర్చోవచ్చు. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగుల సమ్మతి, సమాచారం ఎవరి దగ్గర ఉండాలన్న ఒప్పందం ముందే కుదరాలి. నిధుల హామీ కనీసం ఐదేళ్లకు రాతపూర్వకంగా ఉండాలి. ఏడాదికో అధ్యక్షుడు మారే సంఘాల్లో ఆ హామీ అధ్యక్షుడి మాట మీద కాకుండా, సంఘం ట్రస్టు పేరు మీద, వచ్చే కార్యవర్గాన్ని కూడా కట్టిపడేసేలా రాసుకోవాలి.